మానసిక సామర్థ్య పరీక్షలు: ఎవరితో పోల్చి ఈ స్కోరు?

బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు ఆరు నెలలకు లేచి తిరుగుతున్నాడు. స్కానింగులో చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. కానీ ఆఫీసులో లెక్కలు తప్పుతున్నాడు, చిన్నదానికే ఇంట్లో విరుచుకుపడుతున్నాడు. మూడో తరగతి పాప గలగలా మాట్లాడుతుంది, పుస్తకం చేతికిస్తే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. డెబ్బై ఏళ్ల తల్లి అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతోంది. వయసుకు తగ్గ ఎదుగుదల లేని కొడుకుకు సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం ఒక తండ్రి తిరుగుతున్నాడు. ఈ నలుగురి చీటీల మీదా డాక్టరు రాసే మాట దాదాపు ఒకటే: సైకాలజీ టెస్టులు చేయించండి.

చేయించుకున్నాక ఇంటిల్లిపాదీ అడిగేదీ ఒకటే. స్కోరు ఎంత వచ్చింది? షుగరు పరీక్ష అంకెను చదివినట్టు దీన్నీ చదవాలనుకుంటారు. అక్కడే చిక్కు వస్తుంది. రక్తంలో చక్కెరకు మిల్లీగ్రాముల కొలత ఉంది. జ్ఞాపకశక్తికి, తెలివికి అలాంటి సొంత కొలత లేదు. అదే వయసు, అదే చదువు, అదే భాష ఉన్న వందలమంది ఎలా చేశారో చూసి, వాళ్ల పక్కన ఈ మనిషిని నిలబెడితే వచ్చేదే స్కోరు. పోల్చడానికి తీసుకున్న ఆ జనాన్నీ వాళ్ల లెక్కలనూ కలిపి నార్మ్స్ అంటారు. ఈ రంగంలో నూట ఇరవై ఏళ్లుగా నడుస్తున్న వాదాల్లో చాలావాటి మూలం అక్కడే ఉంది. తెలుగువారికి సంబంధించి ఇంకా తేలని ప్రశ్నల్లో ఎక్కువ భాగమూ అక్కడే ఉంది.

పరీక్ష గదిలో ఏం జరుగుతుంది

సైకలాజికల్ పరీక్షలంటే తెలివితేటలు, స్వభావం, మానసిక స్థితి, చదువు సామర్థ్యం కొలిచేవి. న్యూరోసైకలాజికల్ పరీక్షలు మెదడు చేసే పనులను విడివిడిగా చూస్తాయి: ధ్యాస, జ్ఞాపకం, భాష, చూపుతో ఆకారాలను పోల్చుకోవడం, పనిని ముందుగా ఆలోచించి వరసలో చేయడం. ఆచరణలో ఈ రెండూ కలిసే ఉంటాయి. మన దేశంలో వీటిని చేసి రిపోర్టు ఇవ్వాల్సింది క్లినికల్ సైకాలజిస్టు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం కింద వారికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అది అడిగి చూసుకోవడం మర్యాదతక్కువ పనేం కాదు.

మొదటి గంట దాదాపు మాటలతోనే గడుస్తుంది. పుట్టినప్పటి సంగతులు, చదువు, ఉద్యోగం, నిద్ర, మందులు, తాగుడు అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా అని అడుగుతారు. మతిమరుపు కేసుల్లో ఇంట్లోవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగేవి మరీ ముఖ్యం, ఎందుకంటే మరిచిపోయిన సంగతి మరిచిపోయిన మనిషికి తెలియకపోవచ్చు. ఆ తర్వాత అసలు పరీక్షలు. రెండు గంటల నుంచి ఐదారు గంటల దాకా పట్టవచ్చు. పిల్లలకు, పెద్దవాళ్లకు రెండు మూడు రోజులకు పంచుతారు. కళ్లద్దాలు, చెవి మిషను, వాడుతున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు, పిల్లలైతే నోటుపుస్తకాలు వెంట తీసుకెళ్లాలి. రాత్రి నిద్ర, పొద్దున టిఫిను తప్పకూడదు. జ్వరంగా ఉంటే వాయిదా అడగడమే మేలు.

ఒక పరీక్షను దగ్గరగా చూద్దాం. పదిహేను మాటల జాబితా ఒకటి ఉంటుంది. సైకాలజిస్టు సెకనుకు ఒక మాట చొప్పున చదివి, గుర్తున్నవి ఏ వరసలోనైనా చెప్పమంటారు. అదే జాబితా ఐదుసార్లు చదువుతారు, ఐదుసార్లూ చెప్పిస్తారు. తర్వాత మరో కొత్త జాబితా చదివి, అవి చెప్పించి, ఉన్నట్టుండి మొదటి జాబితా మళ్లీ చెప్పమంటారు. ఇరవై, ముప్పై నిమిషాలు వేరే పనులు చేయించాక మరోసారి అడుగుతారు. చివరికి కొన్ని మాటలు చదువుతూ, ఇది మొదటి జాబితాలో ఉందా లేదా అని అడుగుతారు. బయటినుంచి చూసేవారికి ఇది బడిపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఇందులో మూడు సంగతులు విడివిడిగా బయటపడతాయి: కొత్తది ఎంత వేగంగా ఎక్కుతోంది, ఎక్కింది ఎంతసేపు నిలుస్తోంది, నిలిచింది పైకి రావడానికి తడబడుతోందా. డిప్రెషన్‌లో ఉన్నవారు సొంతంగా చెప్పలేకపోయినా, మాట వినిపిస్తే సాధారణంగా గుర్తుపడతారు. అల్జీమర్స్ వల్ల మతిమరుపు వచ్చినవారికి మాట వినిపించినా అది కొత్తగానే ఉంటుంది. ఈ తేడా మీద మందు మారుతుంది, ఇంటివాళ్ల ఏర్పాట్లు మారతాయి.

గదిలో ఉన్నంతసేపు సైకాలజిస్టు తప్పా ఒప్పా చెప్పరు. చాలా పరీక్షలు తేలికగా మొదలై, చేయలేనంత వరకూ కష్టం పెరుగుతూ పోతాయి. ఎంత తెలివైనవారికైనా ఓటమి తప్పదు. ఇది ముందే తెలియక చాలామంది కుంగిపోతారు. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా ఇరవై పరీక్షలు పెడితే ఒకటి రెండింట్లో స్కోరు తగ్గడం మామూలే. ఒక్క తక్కువ స్కోరును పట్టుకుని జబ్బు అని తేల్చకపోవడం మంచి సైకాలజిస్టు లక్షణం. ఇంకో మాట, పిల్లలకు ముందే ప్రశ్నలు నేర్పించి తీసుకెళ్లకూడదు. అలా వచ్చిన స్కోరు పిల్లకు అందాల్సిన సాయాన్నే అడ్డుకుంటుంది.

ఈ పరీక్షల పుట్టుక

ఫ్రాన్స్‌లో నిర్బంధ విద్య వచ్చాక, బడిలో వెనకబడే పిల్లలను గుర్తించాల్సిన అవసరం పడింది. ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో తొలి స్కేలు తయారుచేశారు. ఏ పిల్లకు ప్రత్యేకంగా సాయం కావాలో తెలుసుకోవడమే దాని పని. తెలివి పుట్టుకతో గీసిన గీత అనే మాటను బినే ఒప్పుకోలేదు. 1912లో జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించి ఐక్యూ అనే అంకెను తెచ్చాడు. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని అమెరికాకు అమర్చాడు. మరుసటేడు మొదలుపెట్టి అమెరికా సైన్యం దాదాపు పదిహేడు లక్షలమందిని ఆల్ఫా, బీటా పరీక్షలతో జల్లెడ పట్టింది. కొత్తగా వలస వచ్చిన జాతులు తెలివితక్కువవి అనడానికి ఆ లెక్కలనే కొందరు వాడుకున్నారు. సాయం కోసం పుట్టిన కొలత ఇరవై ఏళ్లు తిరక్కుండానే గేటు మూసే పనికి వచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈనాటి ఐక్యూ బినే నాటి భాగాహారం కాదు. 1939లో న్యూయార్క్‌లోని బెల్లవ్యూ ఆసుపత్రిలో డేవిడ్ వెక్స్‌లర్ తెచ్చిన పద్ధతి ఇది. మీ వయసువారి సగటును 100 అనుకుని, దానికి మీరు ఎంత దూరంలో ఉన్నారో చూస్తారు. నూటికి 68 మంది 85కు, 115కు మధ్యనే ఉంటారు. 70 కంటే కిందికి వచ్చేవారు నూటికి ఇద్దరు.

న్యూరోసైకాలజీ పుట్టింది మాత్రం గాయాల నుంచి. మొదటి ప్రపంచయుద్ధంలో తలకు దెబ్బ తగిలిన సైనికులతో జర్మనీలో కర్ట్ గోల్డ్‌స్టీన్, రెండో యుద్ధంలో సోవియట్ ఆసుపత్రుల్లో అలెగ్జాండర్ లూరియా పనిచేశారు. శాంతికాలంలో ఎక్కువగా చెప్పుకునే కేసు హెన్రీ మొలైసన్‌ది. మూర్ఛలు తగ్గించడానికి 1953లో అతని మెదడు రెండు వైపులా లోపలి భాగాన్ని తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. బ్రెండా మిల్నర్ పరీక్షించినప్పుడు ఐక్యూ 112, అంటే సగటు కంటే ఎక్కువ. జ్ఞాపకశక్తి స్కోరు 67. 1957లో అచ్చయిన ఈ రెండంకెలు చాలు, ఒక్క ఐక్యూతో మెదడు సంగతి తేల్చకూడదని చెప్పడానికి.

వాదించే పక్షాలు

మొదటిది అంకె పక్షం. అందరికీ ఒకే పరీక్షలు, ఒకే పద్ధతి, ఒకే లెక్క అంటుంది ఇది. అమెరికాలో వార్డ్ హాల్‌స్టెడ్, రాల్ఫ్ రీటన్ రూపొందించిన బ్యాటరీ, అంటే పరీక్షల సముదాయం, దీనికి నమూనా. 1954లో పాల్ మీల్ రాసిన పుస్తకం ఈ పక్షానికి పెద్ద బలం. నిపుణుడి అనుభవం కంటే గణాంక సూత్రమే సాధారణంగా మెరుగ్గానో, కనీసం సమానంగానో అంచనా వేస్తుందని ఆయన చూపించాడు. అప్పటినుంచి వచ్చిన అధ్యయనాలు చాలావరకు ఆ మాటనే బలపరిచాయి.

రెండోది పరిశీలన పక్షం. లూరియా, తర్వాత బోస్టన్‌లో ఎడిత్ కాప్లాన్ దీనికి పెద్దదిక్కు. రంగు దిమ్మలు పేర్చి బొమ్మలో ఉన్న ఆకారం తయారుచేయమంటే ఇద్దరూ ఓడిపోవచ్చు. ఒకరు లోపలి గీతలు తప్పినా చదరం ఆకారం చెడగొట్టరు. ఇంకొకరు మొత్తం చదరాన్నే విడగొట్టి దిమ్మలను ఎటో పేరుస్తారు. ఇద్దరికీ సున్నాయే. కానీ మెదడులో దెబ్బ తిన్న వైపు వేరు. అంకె మాత్రమే రాసుకుంటే ఈ తేడా మాయమైపోతుందని కాప్లాన్ వాదన.

మూడోది ప్రొజెక్టివ్ పరీక్షల పక్షం. హెర్మన్ రోర్షాక్ 1921లో ప్రచురించిన పది సిరా మరకల కార్డులు, బొమ్మ చూసి కథ చెప్పించే పరీక్షలు ఈ కోవలోవి. 2000 సంవత్సరంలో స్కాట్ లిలియన్‌ఫెల్డ్, ఆయన సహచరులు వీటి ఆధారాలను గట్టిగా కడిగేశారు. 2013లో మరో పెద్ద సమీక్ష రోర్షాక్‌లోని అంశాలను ఒక్కొక్కటిగా తూచింది. ఆలోచన గాడి తప్పడాన్ని పట్టే కొలతలకు మంచి ఆధారం దొరికింది. మిగతావాటిలో కొన్నింటికి ఆధారం పలచగా ఉంది, కొన్నింటికి లేదు. మన ఆసుపత్రుల్లో ఈ కార్డులు ఇంకా వాడుకలో ఉన్నాయి. తీవ్రమైన మానసిక జబ్బును అంచనా వేయడంలో వాటికి చోటుంది. కార్డుల మీద ఆధారపడి మనిషి స్వభావం మొత్తం రాసిన రిపోర్టును మాత్రం నమ్మనక్కర్లేదు.

నాలుగోది బతుకు నైపుణ్యాల పక్షం. పిల్లవాడు సొంతంగా అన్నం తింటున్నాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడా, కొట్టుకు వెళ్లి సరుకు తెచ్చి చిల్లర లెక్క చూసుకుంటున్నాడా? ఇవి తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవాల్సినవి. వైన్‌ల్యాండ్ స్కేలు ఈ పని చేస్తుంది. దాన్ని మన దేశానికి అనువుగా మార్చింది నాగపూర్‌లో పనిచేసిన ఆర్థర్ మాలిన్.

పక్కపక్కన పెట్టి చూస్తే, అంకె పక్షం బలం నిలకడ, బలహీనత మంచి నార్మ్స్ లేనిచోట కుప్పకూలడం. పరిశీలన పక్షం బలం ఆ మనిషిని దగ్గరగా చూడటం, బలహీనత చూసేవారి నైపుణ్యాన్ని బట్టి ఫలితం మారిపోవడం. బతుకు నైపుణ్యాల కొలత పల్లెకూ పట్నానికీ పనికొస్తుంది, కానీ తల్లిదండ్రుల మాట మీదే నిలబడుతుంది. ఇప్పుడు మంచి కేంద్రాల్లో అంకె, పరిశీలన, ఇంటివాళ్ల మాట మూడూ కలిపే చూస్తున్నారు. సిద్ధాంతపరంగా గొడవ చాలావరకు చల్లారింది. నార్మ్స్ గొడవ మాత్రం చల్లారలేదు.

మన నార్మ్స్ ఎక్కడివి

1934లో ధార్వాడలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం బినే పరీక్షను మార్చారు. అదే బినే-కామత్ పరీక్ష. 1955లో సి.ఎం. భాటియా, మాటల అవసరం తక్కువగా ఉండే ఐదు పరీక్షల బ్యాటరీ ఇచ్చారు. దాని నార్మ్స్ ఉత్తరప్రదేశ్‌లో పదకొండు నుంచి పదహారేళ్ల బాలుర మీద తీసినవి. మాలిన్ 1969లో అమెరికన్ వెక్స్‌లర్ పిల్లల స్కేలును భారతీయ పిల్లలకు అమర్చారు. దాన్నే మిసిక్ అంటారు. ఇవేవీ ఇంకా పూర్తిగా మూలపడలేదు. ఒకప్పటి పిల్లల పక్కన ఇవాళ్టి పిల్లను నిలబెట్టి స్కోరు ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

దీనివల్ల నష్టమేమిటి? అమెరికాలో దశాబ్దానికి సుమారు మూడు పాయింట్ల చొప్పున సగటు స్కోరు పెరుగుతూ వచ్చిందని 1984లో జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. తర్వాత ఎన్నో దేశాల్లో ఈ పెరుగుదల కనిపించింది. అంటే నార్మ్స్ పాతబడేకొద్దీ వాటితో తీసిన స్కోరు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. సాయం అవసరమైన పిల్లవాడు కాగితం మీద గీత దాటిపోతాడు. సర్టిఫికెట్ రాదు. ఆ తప్పు పిల్లవాడిది కాదు, కొలబద్ద పాతబడింది.

పెద్దవాళ్ల దగ్గర మరో రకం చిక్కు. 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్ తదితరులు చేసిన ముప్పై మార్కుల మినీ మెంటల్ పరీక్ష లోకమంతా పాకింది. అందులో తేదీ, నెల, సంవత్సరం చెప్పాలి, ఒక వాక్యం చదివి అది చెప్పిన పని చేయాలి, సొంతంగా ఒక వాక్యం రాయాలి, ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు పంచభుజాలు చూసి గీయాలి. ఎన్నడూ పెన్సిలు పట్టని రాయలసీమ అవ్వకు ఇందులో ఎన్ని మార్కులు పోతాయో లెక్క వేసుకోండి. తారీఖు చెప్పలేకపోయినా ఈవేళ ఏకాదశి అని, శ్రావణ మాసం వచ్చి ఇన్ని రోజులైందని ఆమె తడుముకోకుండా చెప్పగలదు. ఆమె కాలాన్ని లెక్కపెట్టే పద్ధతి వేరు, ఆమె జ్ఞాపకం చెడలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని గ్రామీణ వృద్ధుల కోసం మేరీ గంగూలీ బృందం 1995లో ఈ పరీక్షను హిందీలో తిరగరాసింది ఇందుకే. చదివి కళ్లు మూసుకోమనే బదులు, నన్ను చూసి నేను చేసినట్టు చేయమంటారు అందులో.

తెలుగులోకి వచ్చేసరికి చిక్కులు మరింత సూక్ష్మం. అంకెలు విని తిరిగి చెప్పే పరీక్ష తీసుకోండి. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇంగ్లీషు అంకెల్లో సెవెన్ తప్ప అన్నీ ఒక్క దెబ్బతో పలికేవి. మన నాలుగు, ఎనిమిది, తొమ్మిది అలా కావు. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువ సంఖ్యలో గుర్తుంటాయని, వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారి మీద 1980లో చేసిన అధ్యయనం చూపించింది. పైగా మనలో చాలామంది ఫోన్ నంబరు ఇంగ్లీషులోనే చెబుతారు. అలాంటివారిని ఏ భాషలో అడగాలి? ఎవరి నార్మ్స్‌తో పోల్చాలి? ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూసే పరీక్ష ఇంకొకటి. బెంగళూరు నిమ్‌హాన్స్ బ్యాటరీలో భారతీయ భాషలకు క, ప, మ వాడతారు. గుణింతంతో చదువుకున్న తెలుగువాడికి ‘ప’ అంటే ‘పలక’, ‘పడవ’ మాత్రమేనా, ‘పాలు’, ‘పిల్లి’, ‘పువ్వు’ కూడానా? సైకాలజిస్టు ముందే స్పష్టంగా చెప్పకపోతే ఇద్దరు సమానమైన మనుషులకు స్కోరు సగానికి సగం తేడా వస్తుంది.

ఈ పనిని తీవ్రంగా పట్టించుకున్న చోట్లలో హైదరాబాద్ ఒకటి. నిమ్స్‌లోని మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం కేంబ్రిడ్జిలో పుట్టిన ఏసీఈ అనే మతిమరుపు పరీక్షను తెలుగు జీవితానికి తగ్గట్టు మార్చింది. 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలతో అదే బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం లోకమంతా చర్చకు వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురానివారిలోనూ ఈ తేడా ఉందని అందులో తేలింది. తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ, హిందీ కలగలిసిన నగరం కాబట్టే చదువు, వలస ప్రభావాలను భాష నుంచి విడదీసి చూడగలిగారు. దీనికి విరుద్ధంగా, కొన్ని దేశాల అధ్యయనాల్లో ఇలాంటి లాభం కనిపించలేదు, ఆ వాదం ఇంకా నడుస్తోంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాల్లో ఒకే పద్ధతిలో న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ తయారుచేయించింది. చదువుకున్నవారికి, చదువురానివారికి విడిగా ఆలోచించి చేసిన పని అది. తెలుగు వృద్ధులకు ఇంతకంటే పెద్ద ముందడుగు ఈ రంగంలో పడలేదని నా అంచనా.

పరదేశంలో ఉన్న తెలుగువారి సంగతి ఇంకా గజిబిజి. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లికి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి పరీక్ష చేస్తే, మాటల జాబితా ఆ క్షణంలో అనువాదం అవుతుంది. మాట పొడవు, వాడుక, ధ్వని అన్నీ మారిపోతాయి. ఆ స్కోరు ఎవరితోనూ పోల్చడానికి పనికిరాదు. పిల్లలకు వీలైనంతవరకు వారి మాతృభాషలోనే పరీక్ష జరగాలని అక్కడి ప్రత్యేక విద్యా చట్టమే చెబుతోంది. తల్లిదండ్రులు ఆ హక్కును అడిగి తీసుకోవాలి.

సర్టిఫికెట్, గీత, ఆ గీతకు ఇవతల పడ్డ పిల్లలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా ప్రయోజనాలకు 40 శాతం గీత. 2018 జనవరి మార్గదర్శకాల్లో మేధో వైకల్యం శాతాన్ని వైన్‌ల్యాండ్ స్కోరుతో ముడిపెట్టారు: 55 నుంచి 69 మధ్య వస్తే 50 శాతం, 70 నుంచి 84 మధ్య వస్తే 25 శాతం. నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి, అంటే డిస్లెక్సియా వంటివాటికి, ఎనిమిదేళ్లు నిండాలి, ఐక్యూ 85 దాటాలి, ఆపైన నిమ్‌హాన్స్‌దే అయిన అభ్యసన వైకల్య బ్యాటరీ చేయాలి. పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్ష. తర్వాత సవరణలు జరిగాయి కాబట్టి బోర్డు దగ్గరికి వెళ్లేముందు ప్రస్తుత నిబంధన అడిగి తెలుసుకోవడం మంచిది.

ఐక్యూ 80 వచ్చి, చదవలేని పిల్లవాడిని ఈ రెండు గీతల మధ్య ఉంచి చూడండి. అభ్యసన వైకల్యం కింద రాడు, 85 దాటలేదు. వైన్‌ల్యాండ్‌లోనూ ఆ దరిదాపుల్లోనే వస్తే మేధో వైకల్యం కింద 25 శాతం, 40కి చాలదు. బడిలో అందరికంటే ఎక్కువ కష్టపడేది బహుశా ఈ పిల్లవాడే. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ లాంటి వెసులుబాట్లు అతనికే దొరకవు. ఐక్యూకు, చదువుకు మధ్య తేడా చూపించాలన్న నిబంధన పెట్టకూడదని అమెరికా 2004లోనే రాష్ట్రాలకు చెప్పింది. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం, 2013 నాటి డీఎస్ఎమ్-5 కూడా ఆ తేడా లెక్కను వదిలేసింది. మన నిబంధన ఆ దారిలో ఆలోచించాల్సిన అవసరం కళ్లెదుట కనిపిస్తోంది. ఇంగ్లీషు మీడియం పిల్లవాడిని ఇంగ్లీషులోనే పరీక్షించి, తెలుగులో చదవగలడో లేడో చూడకుండా డిస్లెక్సియా అనడం మరో పొరపాటు. ఇంగ్లీషు సరిగా నేర్పలేదా, చదివే సామర్థ్యంలోనే ఇబ్బంది ఉందా అనేది రెండు భాషల్లోనూ చూస్తేనే తెలుస్తుంది.

గీత ఎంత సన్నటిదో చెప్పే తీర్పు ఒకటుంది. ఫ్లోరిడాలో మరణశిక్ష పడిన ఫ్రెడీ లీ హాల్‌కు ఐక్యూ 71 వచ్చింది. 70 దాటింది కాబట్టి మేధో వైకల్యం గురించి ఇంకేమీ వినేది లేదని ఆ రాష్ట్రం అంది. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఏ ఐక్యూ అయినా ఒక బిందువు కాదు, అటూ ఇటూ కొన్ని పాయింట్ల పొరపాటు ఉన్న పరిధి అనేది తీర్పుకు ఆధారం. మన రిపోర్టుల్లోనూ స్కోరుతో పాటు ఆ పరిధి రాయాలి. రాయకపోతే అడగాలి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో వచ్చిన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, ఆటిజం కొలతకు భారతీయ స్కేలు రూపొందించింది. పిల్లల కోసం కొత్త భారతీయ తెలివితేటల పరీక్షనూ తయారుచేసింది. ఇవి జిల్లా ఆసుపత్రి బోర్డుల దాకా ఎంత త్వరగా చేరతాయన్నదే అసలు ప్రశ్న.

మరో వైపు, పిల్లల వేలిముద్రలు తీసుకుని తెలివితేటలు, తగిన కెరీర్ చెబుతామని బడుల్లో తిరిగేవారున్నారు. రంగురంగుల పేజీల రిపోర్టు ఇస్తారు. వేలి గీతలకూ తెలివికీ సంబంధం ఉందనడానికి శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. దానికి పెట్టే డబ్బుతో అర్హత ఉన్న సైకాలజిస్టు దగ్గర ఒక్క గంట కూర్చోవచ్చు.

ఇంకా తేలనివి

దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని ఇటీవలి జాతీయ సర్వే ఆధారంగా లెక్కగట్టారు. వీరందరికీ నాలుగు గంటల పరీక్ష చేయడానికి మనుషులు చాలరు. అందుకే పది నిమిషాల స్క్రీనింగు పరీక్షలు పెరుగుతున్నాయి. వాటిలో తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టు కాదు, పూర్తి పరీక్ష అవసరమని మాత్రమే. బీ12, థైరాయిడ్, డిప్రెషన్, చెవుడు, నిద్రమాత్రలు ఇవన్నీ స్కోరు తగ్గించగలవు. వీటిని చూడకుండా అల్జీమర్స్ అన్న మాట ఎవరూ అనకూడదు.

కరోనా తర్వాత వీడియో కాల్‌లో పరీక్షలు పెరిగాయి. మాటలతో చేసేవి ఇలా దాదాపు అంతే నమ్మకంగా చేయవచ్చని తేలుతోంది. దిమ్మలు, బొమ్మలు, చేతివేగం చూసేవాటికి ఎదురుగా కూర్చోవడమే మేలు. కంప్యూటరు పరీక్షలు మిల్లీసెకన్లు కొలుస్తాయి, కానీ మనిషి విసుగ్గా వదిలేశాడా, చేతగాక ఆగిపోయాడా చెప్పలేవు. కావాలని తక్కువ చేశారా అని చూసే పరీక్షలు పరిహారం కేసుల్లో అమెరికాలో మామూలైపోయాయి. చదువు తక్కువ ఉన్నవారి మీద, భాష సరిగా రానివారి మీద వీటిని వాడితే నిజంగా కష్టపడేవాడికే అబద్ధాలకోరు ముద్ర పడే ప్రమాదం ఉంది. ప్రమాద పరిహారం కోసం మన ట్రైబ్యునళ్ల ముందుకు వచ్చే తల గాయాల కేసులకు ఈ ప్రశ్న రేపో మాపో వస్తుంది. తెలుగు నార్మ్స్ సిద్ధం చేసుకోకుండా ఆ పరీక్షలు తెచ్చుకోవడం అన్యాయం.

చివరిగా రిపోర్టు సంగతి. అది దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది, ఫైల్లో ముడుచుకుని కూర్చుంటుంది. రిపోర్టు ఇచ్చే రోజున కూర్చోబెట్టి, తెలుగులో, ఇంటివాళ్ల ముందు వివరించడం పరీక్షలో భాగమే. ఆ గంటలో అడగాల్సినవి ఇవి: డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందా? ఏ నార్మ్స్‌తో పోల్చారు, అవి ఎప్పటివి, ఎక్కడివి? స్కోరులో పొరపాటు పరిధి ఎంత? బలంగా ఉన్న సామర్థ్యాలేమిటి? రేపటినుంచి ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఏం మార్చాలి? మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి? అవే పరీక్షలు వెంటవెంటనే చేస్తే అలవాటు వల్ల స్కోరు పెరుగుతుంది కాబట్టి మతిమరుపు కేసుల్లో సాధారణంగా ఏడాది ఆగి చూస్తారు. ఇవాళ్టి రిపోర్టును అందుకే భద్రంగా దాచాలి. ఏడాది తర్వాత ఆ తల్లిని పోల్చి చూడాల్సింది వేరెవరితోనో కాదు, ఇవాళ్టి తనతోనే. నార్మ్స్ ఎంత పాతవైనా ఆ ఒక్క పోలికకు అడ్డు రావు.